‘లేబుల్’కి తెలుగు మాట ఏది? ట్యాగ్, స్టిక్కర్, ముద్రల్లో ఎక్కడ ఏది వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఒక షాపింగ్ యాప్‌ని తెలుగులోకి మార్చే పని మీ చేతికొచ్చింది. అందులో ‘లేబుల్’ అనే మాట ముప్పై చోట్ల తగిలింది. ఒకచోట పార్శిల్ మీద అంటించే కాగితం, ఇంకోచోట చొక్కా మెడ దగ్గర కుట్టే ముక్క, మరోచోట మెసేజ్‌లను విడదీసుకునే గుర్తు. అన్నిటికీ సరిపోయే ఒక్క తెలుగు మాట చెప్పమన్నారు. పనిలో పనిగా ట్యాగ్, స్టిక్కర్, లేబుల్ మూడూ ఒకటేనా అనీ అడిగారు, నాలుగు ఉదాహరణలూ ఇచ్చారు.

సూటిగా చెప్పేస్తాను. ఆ ఒక్క మాట లేదు, దానికోసం వెతక్కండి. చేత్తో పట్టుకోగల వస్తువు మీద ఉంటే ‘లేబుల్’ అనే ఉంచేయండి, అది ఎప్పుడో తెలుగైపోయింది. పటంలో భాగాలకైతే ‘గుర్తించడం’. మనిషి మీదైతే ‘ముద్ర’. పాటల వాళ్లయితే ‘ఆడియో కంపెనీ’. ఫారంలో గడి పక్కన ఉండేదైతే ఆ గడి పేరు, అంతే. ఇక ట్యాగ్, స్టిక్కర్, లేబుల్ మూడూ మూడు రకాలు. ఒకే కాగితం ముక్క ఒక్కోసారి మూడూ అవుతుంది కాబట్టి తికమకగా ఉంటుంది.

నేను విజయవాడలో ఇరవై నాలుగేళ్లు లేబుళ్లు వేసినవాణ్ణి. పచ్చళ్లు, కారప్పొడులు, అగరబత్తులు, ఫినాయిల్, ఏది వస్తే అది. డీటీపీలో (కంప్యూటరు మీద అక్షరాలు, పేజీలు కూర్చే పనిలో) కూర్చుని మొదలుపెట్టి డై కటింగ్ (లేబుళ్లను ఆకారానికి కోసే పని) దాకా అన్నీ చేశాను. గత ఆరేళ్లుగా మీరు చేస్తున్నలాంటి తెలుగు అనువాదాలను సరిచూసే పని చేస్తున్నాను. జిగురూ తెలుసు, మాటా తెలుసు అని చెప్పుకోవడానికి ఈ సోది.

ముందు ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి, సగం ముడి అక్కడే విడిపోతుంది. పాత ఫ్రెంచిలో దీని అర్థం గుడ్డ పీలిక, రిబ్బను ముక్క. పూర్వం ఇంగ్లండులో దస్తావేజుకు లక్క ముద్ర వేయాలంటే, దాని అడుగున ఒక సన్నటి తోలు పట్టీ వేలాడదీసి ఆ పట్టీ మీద ముద్ర వేసేవారు. ఆ పట్టీని లేబుల్ అనేవారు. రాజవంశాల చిహ్నాల్లో పెద్దకొడుకుని గుర్తుపట్టడానికి డాలు పైభాగాన మూడు కొసలు వేలాడే పట్టీ ఒకటి గీస్తారు, దాని పేరూ లేబులే. వేల్స్ యువరాజు చిహ్నంలో ఇప్పటికీ ఉంటుంది. ట్యాగ్ కూడా మొదట్లో బట్ట అంచున వేలాడే ముక్కే. అంటే పుట్టుకలో రెండూ పీలికలే, రెండూ వేలాడినవే. అందుకే నిఘంటువు తెరిస్తే దీనికి అది, దానికి ఇది అర్థంగా రాసి ఉంటుంది. నిఘంటువు తప్పు కాదు. కాకపోతే మీ పనికి అది చాలదు.

మా ప్రెస్సులో కుర్రాళ్లకు నేర్పేటప్పుడు మొదట ‘అంటిస్తే లేబుల్, వేలాడితే ట్యాగ్’ అని చెప్పేవాణ్ణి. వంద చోట్ల ఎనభై చోట్ల ఇది చెల్లుతుంది. చీర కొంగుకు దారంతో కట్టిన ధర అట్ట ట్యాగ్, సీసాకి అంటించింది లేబుల్. విమానంలో పెట్టెకు వేసేది ట్యాగ్, ఎందుకంటే అది పిడి చుట్టూ తిప్పి వేస్తారు. అదే పెట్టె మీద ‘జాగ్రత్త, పగిలే వస్తువు’ అని అతికించేది స్టిక్కర్.

తర్వాత ఫాస్టాగ్ వచ్చి నా పాఠం పాడుచేసింది. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర తప్పనిసరి చేశారు కదా. అది కారు అద్దానికి అంటిస్తారు, ఎక్కడా వేలాడదు. మరి ట్యాగ్ అంటారేం? ఒక కుర్రాడు అడిగాడు, నేను నీళ్లు నమిలాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది. ట్యాగ్ ‘ఇది ఏది’ అని చెబుతుంది, లేబుల్ ‘ఇది ఎలాంటిది’ అని చెబుతుంది. ఫాస్టాగ్ మీ కారు మైలేజీ గురించి ఒక్క ముక్క చెప్పదు. ఫలానా ఖాతా తాలూకు బండి ఇదే అని మాత్రం చెబుతుంది. గేదె చెవికి వేసే పసుపు బిళ్ల కూడా అంతే. దాని మీద పన్నెండు అంకెలు, ఓ బార్‌కోడు తప్ప ఏమీ ఉండదు. పాలెన్ని ఇస్తుందో, పొడుస్తుందో లేదో అందులో రాయరు. పశువుల డాక్టరు దగ్గరకెళ్తే ‘ట్యాగ్ వేయించారా’ అనే అడుగుతారు, లేబుల్ వేయించారా అనరు.

తెలుగులో ఈ ట్యాగ్‌కి పాత మాట ఒకటి ఉండనే ఉంది, బిళ్ల. కలెక్టరు గారి ముందు నడిచే బంట్రోతుకు అడ్డంగా పటకా, దాని మీద ఇత్తడి బిళ్ల ఉండేది. అందుకే బిళ్ల బంట్రోతు. కుక్క మెడలో మునిసిపాలిటీ వాళ్లు వేసేదీ బిళ్లే. ‘ఏది, ఎవరిది’ అని తేల్చే లోహపు ముక్కకి అంత చక్కటి మాట ఉన్నా యాప్‌లో ‘బిళ్ల జోడించండి’ అని రాయకండి, మాత్ర వేసుకోమన్నట్టు ఉంటుంది. ట్యాగ్ అనే రాయండి.

స్టిక్కర్ సంగతి తేలిక. వెనక జిగురు ఉన్న ఏ కాగితమైనా స్టిక్కరే. అది తయారీని బట్టి వచ్చిన పేరు, పనిని బట్టి కాదు. వెనక కాగితం ఒలిచి అంటించే ఈ రకం లేబుళ్లను 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన వ్యాపారంగా మొదలుపెట్టాడు. మా దగ్గర నేను పనిలో చేరినప్పుడు కూడా సగం లేబుళ్లకు వెనక జిగురు ఉండేది కాదు. అగరబత్తి ప్యాకెట్ల వాళ్లు గిన్నెలో మైదా ఉడకేసుకుని, వేలితో రాసి అంటించేవారు. ఎలుకలు ఆ లేబుళ్లను ఇష్టంగా తినేవి. కాబట్టి లేబుల్ అంతా స్టిక్కర్ కాదు, స్టిక్కర్ అంతా లేబుల్ కాదు. బండి వెనక ‘అమ్మా నాన్నల ఆశీస్సులు’ అని అంటించింది స్టిక్కర్. అది బండి గురించి ఏమీ చెప్పడం లేదు, బండి కొన్నవాడి గురించి చెబుతోంది.

ఇప్పుడు అసలైన లేబుల్ దగ్గరకు వస్తాను. ఎందుకంటే మీ యాప్‌లో వస్తువుల వివరాలన్నీ దీని మీదనుంచే వస్తాయి, ఇక్కడ పొరపాటు పడితే నవ్వులపాలు కావడమే కాదు, నోటీసులూ వస్తాయి.

ఒక ఆవకాయ సీసా చేతిలోకి తీసుకోండి. ముందువైపు మామిడికాయ బొమ్మ, పేరు, అదంతా అమ్ముకోవడానికి. వెనక్కి తిప్పండి. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలూ, 2011 నాటి ప్యాకేజీ వస్తువుల తూనికలు కొలతల నిబంధనలూ కలిసి అక్కడ కాపురం చేస్తుంటాయి. దినుసులు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరసగా ఉండాలి. మామిడికాయ ముక్కలు, నూనె, కారం, ఉప్పు, ఆవపిండి, అలా. నికర బరువు. గరిష్ఠ చిల్లర ధర, అన్ని పన్నులతో కలిపి. తయారుచేసినవారి పేరు, చిరునామా. ఫిర్యాదుకు ఫోను నంబరు. పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు. చతురస్రంలో పచ్చచుక్క. మాంసాహారమైతే గోధుమ రంగు. అదీ మొదట చుక్కే ఉండేది, ఇప్పుడు త్రికోణం. రంగులు పోల్చుకోలేనివాళ్లకు చుక్కలు రెండూ ఒకేలా కనబడేవి. చుక్కకీ త్రికోణానికీ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ మన భాషకు సంబంధించిన చేదు ముక్క ఒకటి. చాలామందికి తెలియదు. చట్టం అడిగే వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండి తీరాలి. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, తెలుగు మాత్రమే అంటే కుదరదు. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చారు. సొంతంగా గోంగూర పచ్చడి పెట్టి అమ్ముకుంటారు. ‘మా పచ్చడి తినేది మనోళ్లే కదా నాయనా, మొత్తం తెలుగులో వెయ్యి’ అన్నారు. నాకూ అదే వేయాలనిపించింది. కుదరదమ్మా అని చెప్పి, ముందు వైపంతా తెలుగు చేసి, వెనకవైపు ఇంగ్లిష్ పెట్టి ఇచ్చాను. ఆవిడ వెనకవైపు చూసి ‘ఇదంతా ఎవరు చదువుతార్రా’ అన్నారు. ఇన్‌స్పెక్టరు చదువుతాడమ్మా అన్నాను.

నా తప్పు కూడా చెబుతాను. ఒకసారి ధర పక్కన ‘అన్ని పన్నులతో కలిపి’ అనే మాట ప్రూఫులో (అచ్చుకు ముందు సరిచూసే ప్రతిలో) జారిపోయింది. నేను చూశాను, లేబుళ్లు వేయించుకున్న ఆయనా చూశాడు, ఇద్దరం బొమ్మ రంగు చూశాం గానీ ఆ వరస చూడలేదు. రెండు వేల లేబుళ్లు పనికిరాకుండా పోయాయి. చిన్న స్టిక్కరు వేసి పైన అంటిద్దామన్నాడాయన. ధర మార్చినట్టు కనిపించే స్టిక్కరు ధర మీద అంటిస్తే అది ఇంకా పెద్ద తలనొప్పి. నా ఖర్చుతో మళ్లీ వేసిచ్చాను. అప్పటినుంచి ప్రూఫు చదివేటప్పుడు బొమ్మను చేత్తో మూసి చదువుతాను.

పచ్చళ్ల లేబుళ్లకు ఇంకో శత్రువు నూనె. మామూలు క్రోమో పేపరు (ఒకవైపు నున్నగా మెరిసే కాగితం) మీద వేస్తే వారంలో నూనె పీల్చుకుని, అక్షరాలు అద్దంలోంచి చూస్తున్నట్టు అయిపోతాయి. అందుకే ప్లాస్టిక్ ఫిల్ము మీద వేసి పైన లామినేషన్ చేస్తాం. ఖర్చు ఎక్కువే. కానీ చదవలేని లేబుల్, లేని లేబుల్ రెండూ ఒకటే.

అనువాదానికి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ‘బెస్ట్ బిఫోర్’, ‘ఎక్స్‌పైరీ’ రెంటినీ ‘గడువు తేదీ’ అని రాసేయకండి. మొదటిది ఆ తేదీ లోపు రుచి, వాసన బాగుంటాయని తయారీదారు ఇచ్చే మాట. రెండోది దాటితే తినకూడదు. ఇప్పటి నిబంధనల్లో రెండోది తప్పనిసరి, మొదటిది ఐచ్ఛికం. నేనైతే మొదటిదానికి ‘ఈ తేదీలోపు వాడితే మేలు’, రెండోదానికి ‘ఈ తేదీ దాటాక వాడరాదు’ అని రాస్తాను. పొడుగ్గా ఉందని డిజైనర్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

మన పచ్చళ్లు విదేశాలకు వెళ్తున్నాయి కాబట్టి ఇదీ చూడండి. అదే ఆవకాయ మూడు దేశాల్లో మూడు లేబుళ్లు కోరుతుంది. ఒంటికి పడని పదార్థాల జాబితా మన నిబంధనల్లో ఒకటి ఉంది. గోధుమ లాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా వగైరా. ఆవాలు, నువ్వులు అందులో లేవు. బ్రిటన్‌లో పద్నాలుగింటి జాబితా, అందులో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. దినుసుల వరసలో ఆ రెండు మాటలు మిగతావాటికన్నా కొట్టొచ్చినట్టు కనబడాలి, మామూలుగా బొద్దుగా వేస్తారు. అమెరికాలో నువ్వులు తొమ్మిదోదిగా 2023 జనవరి 1 నుంచి చేరాయి, ఆవాలు లేవు. ఆవపిండి, నువ్వుల నూనె రెండూ లేకుండా ఆవకాయ ఏముంది చెప్పండి! కాబట్టి మీ యాప్‌లో ‘అలర్జెన్ లేబుల్’ అని వస్తే ‘అలర్జీ హెచ్చరిక’ అని రాయండి. అక్కడ లేబుల్ అనే మాట అక్కర్లేదు. చదివేవాడికి కావలసింది హెచ్చరిక.

ఇలాంటిదే ఇంకోటి, ఏసీలు ఫ్రిజ్‌ల మీద నక్షత్రాల లేబుల్. 2006లో మొదలైంది. మనవాళ్లు నక్షత్రాలు లెక్కపెడతారు గానీ కింద రాసిన కాలపరిమితి చూడరు. కొలమానం కాలానుగుణంగా బిగిస్తుంటారు. అందుకే పాత స్టాకులోని అయిదు నక్షత్రాలూ కొత్త స్టాకులోని అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. దీన్ని జనం ‘స్టార్ రేటింగ్’ అనే అంటారు. అలాగే వదిలేయండి.

బట్టల దగ్గర రెండూ ఒకే చొక్కా మీద దొరుకుతాయి కాబట్టి మా కుర్రాళ్లకు చొక్కానే చూపించి చెప్పేవాణ్ణి. గుండీకి వేలాడే అట్ట ట్యాగ్. మెడ దగ్గర నేసినట్టుండేది కంపెనీ లేబుల్. పక్క కుట్టులో లోపల దాగి నడుముకి గుచ్చుకునే తెల్ల శాటిన్ ముక్క ఉతుకు లేబుల్, బజారు భాషలో వాష్‌కేర్. మన అమ్మలు మొదటిరోజే కత్తెరతో కోసి పారేసేది దీన్నే. దాని మీద బొమ్మలుంటాయి. నీళ్ల తొట్టి అంటే ఉతకడం, తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి. త్రికోణం బ్లీచింగు. చతురస్రం ఆరబెట్టడం. ఇస్త్రీ పెట్టె లోపల చుక్కలు ఎంత వేడో చెబుతాయి. వట్టి వృత్తం డ్రైక్లీనింగు. దేని మీదైనా అడ్డంగా గీతలు కొడితే అది చేయొద్దని. మీ యాప్‌లో ఈ బొమ్మలకు మాటలు రాయాల్సి వస్తే ఆజ్ఞలా రాయండి. ‘చేత్తో ఉతకండి’, ‘బ్లీచింగ్ వద్దు’. ‘చేతి ఉతుకు సిఫారసు చేయబడినది’ అని రాసినవాళ్లని నేను చూశాను. అలా మాట్లాడే చాకలి మీ వీధిలో ఉన్నాడా?

బట్టల లేబుళ్ల ముచ్చట వచ్చింది కాబట్టి పాత సంగతి ఒకటి. పంతొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టరు మిల్లుల గుడ్డ తానుల మీద రంగురంగుల బొమ్మ కాగితాలు అంటించి మన దేశానికి పంపేవారు. దేవుళ్లు, మహారాజులు, ఏనుగులు. చదవడం రాని కొనుగోలుదారు బొమ్మ చూసి ‘ఆ లక్ష్మీదేవి గుడ్డ ఇవ్వు’ అనేవాడు. మనం ఇవాళ ‘మార్కా’ అంటున్నామే, ఆ వాడుక వెనక ఉన్నది ఇలాంటి అలవాటే. ఏనుగు మార్కా, నెమలి మార్కా, గుర్రం మార్కా. అక్షరం అక్కర్లేని లేబుల్ మార్కా. అందుకే వ్యాపారం పేరు అనే అర్థంలో ‘లేబుల్’ వస్తే ‘బ్రాండ్’ అనో, ఊరి యాస కావాలంటే ‘మార్కా’ అనో రాసుకోవచ్చు. సూపర్ మార్కెట్ వాడు ఎవరిచేతో చేయించి తన పేరుతో అమ్ముకునే పప్పులు ఉప్పుల్ని ప్రైవేట్ లేబుల్ అంటారు. దాన్ని ‘సొంత బ్రాండ్’ అంటే సరి. వైట్ లేబుల్ ఏటీఎం అని ఇంకోటి ఉంది. బ్యాంకు కాని కంపెనీ పెట్టే ఏటీఎం, 2012లో రిజర్వు బ్యాంకు అనుమతించింది. అది పారిభాషిక పదం, దాన్ని ‘తెల్ల చీటీ ఏటీఎం’ చేయకండి.

గ్రామఫోన్ రికార్డు నడిమధ్యన గుండ్రటి కాగితం ఉంటుంది చూశారా, పాట పేరు, పాడినవారి పేరు ఉండేది. అసలు ‘లేబుల్’ అదే. ఆ కాగితం మీద కంపెనీ బొమ్మ ఉండేది కాబట్టి మెల్లగా కంపెనీకే ఆ పేరు వచ్చింది. మా నాన్నగారు కుక్క బొమ్మ రికార్డు అనేవారు. వృత్తిరీత్యా నాకు ముచ్చటైన విషయం ఏమిటంటే ఆ కాగితాన్ని జిగురుతో అంటించరు. రికార్డు అచ్చు వేసేటప్పుడే వేడికీ ఒత్తిడికీ అందులో కలిసిపోతుంది. ఊడదు. నా లేబుళ్లన్నీ అలా ఉంటే ఎంత బాగుండేది.

ఇక కంప్యూటరు దగ్గర. ఇక్కడే మీ ముప్పైలో ఇరవై ఉంటాయి, ఇక్కడే ఇంగ్లిష్‌వాళ్లే గందరగోళపడ్డారు. 2004లో జీమెయిల్ వచ్చినప్పుడు ఫోల్డర్ల బదులు లేబుళ్లు పెట్టింది. తేడా ఏమిటంటే కాగితం ఒక ఫైల్లోనే ఉండగలదు, ఉత్తరానికి లేబుళ్లు నాలుగైనా అంటించవచ్చు. కరెంటు బిల్లు మెయిల్‌కి ‘ఇల్లు’, ‘కట్టాల్సినవి’ రెండూ పెట్టొచ్చు. బ్లాగులు రాసుకునే బ్లాగర్‌లోనూ ఇదే పనికి లేబుల్ అన్నారు. అలాంటిదే అయిన వర్డ్‌ప్రెస్ వాళ్లు ట్యాగ్ అన్నారు. 2007లో క్రిస్ మెస్సీనా అనే ఆయన మాటకు ముందు గళ్ల గుర్తు (#) పెట్టమని సూచించాక అదే హ్యాష్‌ట్యాగ్ అయింది. పని ఒకటే, పేర్లు రెండు. కాబట్టి యాప్ ఏది వాడితే మీరూ అదే వాడండి, తెరమీద ఒకచోట లేబుల్, మరోచోట ట్యాగ్ అని కలిపి రాయకండి. వాడేవాడు రెండు వేర్వేరు సదుపాయాలనుకుంటాడు.

అదే కంప్యూటరులో పూర్తిగా వేరే లేబుల్ ఒకటుంది. ఫారంలో ఖాళీ గడి పక్కన ‘పేరు’, ‘ఊరు’, ‘పిన్‌కోడు’ అని ఉంటుందే, ప్రోగ్రామర్లు దాన్ని లేబుల్ అంటారు. గడికీ దానికీ సరిగ్గా ముడివేస్తే ఆ మాట మీద నొక్కినా కర్సరు గడిలోకి వెళ్తుంది. చూపు లేనివారి ఫోను ఆ మాటనే పైకి చదివి వినిపిస్తుంది. కొన్ని లేబుళ్లు తెర మీద అసలు కనిపించవు, వినడానికే ఉంటాయి. బుట్ట బొమ్మ మాత్రమే ఉన్న బటనుకి ‘బుట్ట తెరువు’ అనే మాట లోపల దాగి ఉంటుంది. మీకు వచ్చిన జాబితాలో ఎక్కడా కనబడని మాటలు అనువదించమని ఉంటే విసుక్కోకండి. ఒకసారి ఒక యాప్‌లో ఆ దాగిన మాటలన్నిటినీ ఎవరో ‘బటన్ లేబుల్ 1’, ‘బటన్ లేబుల్ 2’ అని వదిలేశారు. మా పరిచయస్తుడొకాయనకు చూపు లేదు. ఫోను ఆయనకు ‘బటన్ లేబుల్ మూడు’ అని గట్టిగా చదువుతుంటే, ‘ఏవండీ, ఇది నొక్కితే డబ్బులు పోతాయా, వస్తాయా?’ అని నాకు ఫోన్ చేసి అడిగాడు.

ఈమధ్య డేటా లేబులింగ్ అని ఉద్యోగాలు వస్తున్నాయి. బొమ్మలో ఆటో చుట్టూ గడి గీసి ‘ఆటో’ అని రాయడం, వాక్యం చదివి ‘కోపం’, ‘సంతోషం’ అని గుర్తు పెట్టడం. యంత్రానికి నేర్పడానికి. ఆ పని చేసేవాళ్లు ‘లేబుల్ చేస్తున్నాం’ అనే అంటారు. అక్కడ అదే రాయండి.

బడిలో మాత్రం మనకు చక్కటి సొంత వాడుక ఉంది. జీవశాస్త్రం పేపరులో ‘పటం గీసి భాగాలను గుర్తించండి’. తెలుగు మీడియంలో చదివిన ఎవరికైనా ఈ వాక్యం కలలోకి కూడా వస్తుంది. ఇంగ్లిష్ పేపరులో అక్కడ ఉండే క్రియ ‘లేబుల్’. ‘భాగాలకు లేబుల్ వేయండి’ అని కొత్తగా రాయాల్సిన పనిలేదు.

మనిషి మీద వేసే లేబుల్ దగ్గర మాత్రం లేబుల్ అనే మాట తేలిపోతుంది. ‘అతనికి లేబుల్ అంటించారు’ అంటే స్టిక్కరులా ఒలిచేయవచ్చు అనిపిస్తుంది. మన మాట ముద్ర. పశువుకు కాల్చి వేసేదీ ముద్రే. అది పోదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం తీసుకోండి. 1871లో తెల్లవాళ్లు నేరస్త తెగల చట్టం చేశారు. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారు. ఏ తప్పూ చేయని బిడ్డ కూడా పుట్టుకతోనే అనుమానితుడు. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. కాగితం మీద లేబుల్ పీకేశారు. ముద్ర మాత్రం ఉండిపోయింది, ఊరిపేరు చెబితే ఇవాళ్టికీ ఎదుటివాడు జేబు తడుముకుంటాడు. అక్కడ ‘లేబుల్’ అని రాస్తే ఆ బరువు రాదు. ‘ముద్ర వేశారు’ అని రాయండి. తేలికపాటి సందర్భంలో, ‘వాడికి బద్ధకస్తుడని పేరు పెట్టారు’ అంటే సరిపోతుంది.

వ్రాతలో చిన్న విషయాలు. బహువచనం ‘లేబుళ్లు’ అనండి, ‘లేబుల్స్’ కూడా తప్పేం కాదు. లేబిల్, లేబులు అని జనం అంటారు, రాతలో ‘లేబుల్’ నిలిచింది. లేబర్‌తో జాగ్రత్త. మా ప్రెస్సు బిల్లులో ఒకసారి ‘లేబుల్ ఛార్జీ’ అని ఉండాల్సింది ‘లేబర్ ఛార్జీ’ అయ్యింది. ఆ పార్టీ వచ్చి ‘కూలి నేనెందుకివ్వాలి, మీ కుర్రాళ్లకు మీరు ఇచ్చుకోండి’ అని గంట గొడవ.

చివరగా మీరు ఉదాహరణగా ఇచ్చిన నాలుగు. ‘షిప్పింగ్ లేబుల్’కి ‘పార్శిల్ లేబుల్’ అని రాయండి. ఓడ ఊసు వద్దు, నేను నిజంగానే ‘నౌకా లేబుల్’ చూశాను. కొరియరు ఆఫీసులో దాన్ని అడ్రస్ స్టిక్కర్ అని కూడా అంటారు. ‘రిటర్న్ లేబుల్’కి ‘వాపసు పార్శిల్ లేబుల్’. చిరునామా దాచుకునేటప్పుడు వచ్చే ‘లేబుల్’కి ‘ఈ చిరునామాకు పేరు’, కింద ‘ఇల్లు, ఆఫీసు, అత్తగారిల్లు’. ‘అన్‌లేబుల్డ్’ అని ఒంటరిగా వచ్చిన నాలుగోది మాత్రం నాకూ తెలియదు. మెసేజ్‌ల పేజీలో అయితే ‘లేబుల్ లేనివి’, చిరునామాల పేజీలో అయితే ‘పేరు పెట్టనివి’. ఆ పేజీ ఫోటో పంపమని వాళ్లని అడగండి, వచ్చేదాకా ఆ గడి ఖాళీగా ఉంచండి.